కంద పద్యమూ, వకీలు వాయిదాలూ

న్యాయకళాశాలల ప్రవేశపరీక్షలలో పిల్లలను తికమకపెట్టే ప్రశ్నలలో వారక్రమపు చిక్కుప్రశ్న ఒకటి. దానిని మన ఊళ్ళ పేర్లతోనే అడిగి చూద్దాం.

ఒక వకీలు సోమవారం మొదలు శుక్రవారం వరకు, రోజుకొకటి చొప్పున కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మల్ కోర్టులకు వెళ్ళాలి. నిర్మల్ వాయిదా బుధవారం. జగిత్యాల వెళ్ళిన మరునాడే పెద్దపల్లి. మంచిర్యాల పని పెద్దపల్లికంటె ముందే ముగియాలి. సోమవారం కరీంనగర్ కుదరదు. ఏ రోజు ఎక్కడ?

నియమాలు లేకపోతే ఐదూళ్ళను 120 విధాలుగా పేర్చవచ్చు. బుధవారం నిర్మల్‌కు పోతే 24 మిగులుతాయి. జగిత్యాల–పెద్దపల్లి జంటకు సోమ–మంగళ, గురు–శుక్ర అనే రెండే చోట్లు కనుక మిగిలేవి 4. జంట సోమ–మంగళవారాలలో కూర్చుంటే పెద్దపల్లికి ముందు మంచిర్యాలకు చోటుండదు. కాబట్టి జంటది గురు–శుక్రవారాలే. సోమవారం కరీంనగర్ కాదు కనుక మంచిర్యాల, మంగళవారం కరీంనగర్. ఇందులో న్యాయశాస్త్రం అణుమాత్రం లేదు. ఉన్నదల్లా నియమాన్ని మన్నిస్తూ కుదరనిదాన్ని తోసిపుచ్చడమే.

అమెరికాలో 1948లో మొదలైన ఎల్‌శాట్ పరీక్షలో ఇటువంటి ప్రశ్నలకు దశాబ్దాలపాటు ప్రత్యేక విభాగమే ఉండేది. బొమ్మ గీసుకుంటే గాని సులువుగా తేలని ఈ ప్రశ్నలు తనకు అన్యాయం చేస్తున్నాయని చూపులేని ఒక అభ్యర్థి న్యాయస్థానానికెక్కగా 2019లో రాజీ కుదిరింది. 2024 ఆగస్టు నుండి ఆ విభాగం లేదు.

ఈ విద్య మనకు కొత్తదా? కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కుర్క్యాల దగ్గర బొమ్మలమ్మగుట్ట ఉంది. అక్కడ పంపకవి తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో వేయించిన శాసనంలో తెలుగు కంద పద్యాలున్నాయి. కందం నియమాలను ఒక్కసారి తలచుకోండి. అర్ధానికి ఎనిమిది గణాలు. గగ, భ, జ, స, నల అనే ఐదే గణాలు వాడాలి. బేసి స్థానాలలో జగణం రాకూడదు. ఆరవది నలమో జగణమో కావాలి. ఎనిమిదవది గురువుతో ముగియాలి. అంటే బేసి స్థానాలు నాలుగింటికి నాలుగేసి, రెండు నాలుగు స్థానాలకు ఐదేసి, ఆరు ఎనిమిది స్థానాలకు రెండేసి అవకాశాలు. ఈ గణనియమాలవరకే లెక్కిస్తే ఒక అర్ధానికి 25,600 కూర్పులు. ప్రాస, యతి, పాదాదిన గురులఘు సామ్యం ఇంకా మిగిలే ఉన్నాయి. వకీలు వారానికి ఐదు గళ్ళు. కందంలో సగానికే ఎనిమిది. శిల మీదికెక్కిన నాటికే మన కవులకు ఈ చిక్కు విప్పడం కరతలామలకం.

మరి మన పిల్లలకు అడ్డెక్కడ? 1998లో ఏర్పడిన హైదరాబాదు నల్సార్‌తో సహా ఏడు జాతీయ న్యాయవిశ్వవిద్యాలయాలు కలిసి 2008లో క్లాట్ పరీక్షను ప్రారంభించాయి. ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనే. 2020 నుండి ప్రశ్నలన్నిటినీ పొడవైన పఠనభాగాల చుట్టూ అల్లుతున్నారు. ప్రాంతీయ భాషలలోనూ ఈ పరీక్ష పెట్టాలని 2023లో ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం పడింది. మన రాష్ట్రపు లాసెట్‌ను తెలుగులోనూ వ్రాయవచ్చు, అందుకు సంతోషం. అయితే పెద్ద ద్వారం ఇంకా ఒక్క భాషకే తెరుచుకుంటున్నది.

ఆసిఫాబాద్‌లోనో ధర్మపురిలోనో తెలుగు మాధ్యమంలో చదివిన అమ్మాయి పై చిక్కును తెలుగులో అడిగితే విప్పుతుంది. అదే ఇంగ్లీషులో అడిగితే 'మరునాడే' అన్న మాటకూ 'తరువాత ఎప్పుడైనా' అన్న మాటకూ ఉన్న భేదం దగ్గర ఆగిపోతుంది. అక్కడ ఓడింది ఆమె తర్కం కాదు. పరీక్ష తాను కొలవదలచినదాన్ని వదిలి మరొకదాన్ని కొలిచింది.

పరీక్ష మారేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కరలేదు. ఛందస్సు పాఠాన్ని గణవిభజనతో సరిపెట్టక, "ఇక్కడ జగణమెందుకు రాదు? మరేది వస్తుంది?" అని అడుగుతూ చెబితే చాలు. తెలుగు తరగతిలోనే తర్కానికి తొలి మెట్టు పడుతుంది. ఇంగ్లీషు మాటలు ఆపైన నేర్చుకోవచ్చు. మిత్రులారా, మీ ఇంట పరీక్షలకు చదివే పిల్లలుంటే ముందు ఒక కందం చేతికిచ్చి చూడండి.