నాణెంలో వెండి ఎంత?



పరిశుద్ధ గ్రంథంలో వెండి నాణెముల ప్రస్తావన వచ్చినప్పుడు వాటి సంఖ్యను మాత్రమే చదివి ముందుకు సాగిపోతాము. ఆ నాణెంలో వెండి ఎంత ఉండేదో తెలిస్తే వాక్యభాగం మరింత స్పష్టమవుతుంది. సండేస్కూలు ఉపాధ్యాయులకు, ప్రసంగీకులకు ఉపయోగపడే కొన్ని వివరాలు ఈ వారం అందిస్తున్నాము.

దేవాలయపు పన్ను అరషెకెలు (మత్తయి 17:24-27). దీనికి తూరు పట్టణపు నాణెం చెల్లేది. తూరు షెకెలు బరువు సుమారు 14 గ్రాములు. అందులో నూటికి 90 పాళ్లకు పైగా వెండి. దానిమీద మెల్కార్తు అనే అన్యదేవత ముఖం, వెనుక గద్ద ఉండేవి. అయినా దేవాలయంలో అది చెల్లడానికి కారణం దాని వెండి నమ్మదగినది కావడమేనని పండితులు చెబుతారు. యూదా పుచ్చుకొన్న ముప్పది నాణెములు కూడా ఇవేనని చాలామంది అభిప్రాయం. అదే నిజమైతే మొత్తం బరువు సుమారు 420 గ్రాములు. అరకిలో కూడా లేదు.

దేనారము ఒక దినపు కూలి (మత్తయి 20:2). తిబెరి కైసరు దేనారము నాలుగు గ్రాములకు కొంచెం తక్కువ తూగేది. దాదాపు అంతా వెండే. ఈ నాణెములు వర్తకంలో మన ప్రాంతానికీ వచ్చాయి. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో ఔగుస్తు, తిబెరి కైసరుల దేనారములు వెయ్యికి పైగా ఒకేచోట దొరికాయి. ప్రభువు అడిగి తెప్పించుకొన్న పన్ను నాణెం వంటివే మన మట్టిలోనూ ఉన్నాయన్నమాట.

తరువాత కథ మారింది. రోమా తగలబడిన క్రీ.శ. 64లోనే నీరో చక్రవర్తి దేనారము బరువును, వెండి పాలును తగ్గించాడు. మూడవ శతాబ్దం ఆరంభానికి వెండి సగానికి దిగింది. గల్లియెనుస్ పాలన చివరికి, అంటే 260వ దశకం చివరి నాటికి, అప్పటి ప్రధాన నాణెంలో వెండి నూటికి అయిదు పాళ్లకూ చేరేది కాదు. లోపలంతా రాగి, పైన వెండి మెరుపు. చక్రవర్తి ముఖం మాత్రం ఎప్పటిలాగే ఉంది.

దీనికి భిన్నమైన లెక్క మన హైదరాబాదులో చూడవచ్చు. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం హాలీ సిక్కా రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. ఏడు హాలీ రూపాయలకు ఆరు బ్రిటిష్ రూపాయలు అనే మారకం అందుకే. గుణించి చూడండి: రెండు వైపులా సుమారు 64 గ్రాముల వెండి వస్తుంది. తక్కువ వెండి ఉండడం మోసం కాదు, ఆ సంగతి దాచిపెట్టడం మోసం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఈ రెండు రూపాయల్లోనూ వెండిని 50 శాతానికి తగ్గించారు. కాబట్టి అమ్మమ్మ పెట్టెలోని రూపాయలను అమ్మే ముందు వాటిమీది సంవత్సరం చూసుకోండి.

వెండిని ఎలా తెలుసుకుంటారు? గీటురాయి, పుటం మన పెద్దలకు తెలిసిన పద్ధతులే. నేడు ఎక్స్‌రే యంత్రం నాణెం చెడకుండా పరీక్షిస్తుంది. అయితే అది చూసేది పైపొరను మాత్రమే. పాత నాణెం పైపొరలో రాగి కరిగిపోయి వెండి ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే పరిశోధకులు సన్నని రంధ్రం చేసి లోపలి లోహాన్ని పరీక్షిస్తారు.

జీడిమెట్ల పారిశ్రామికవాడలో లోహంతో పనిచేసే మన సంఘస్థులకు ఈ తేడా బాగా తెలుసు. వారికి ఇంకొక తేడా కూడా తెలుసు: కాగితంమీద ఒక జీతం, చేతికి మరొకటి. నాణెంలో వెండి తగ్గితే మొదట నష్టపోయేది దినకూలివాడే. దొంగ త్రాసును ఆమోసు (8:5), మష్టుగా మారిన వెండిని యెషయా (1:22) ఖండించింది అందుకే. ఆ రెండు గద్దింపులూ దేవుని ప్రజలకే వచ్చాయి.

మనలో యజమానులు, మేస్త్రీలు, కాంట్రాక్టర్లు ఉన్నారు. ఆదివారం కానుక వేసే ముందు, శనివారం ఇచ్చిన కూలిలో వెండి ఎంతో చూసుకుందాము.