సికింద్రాబాద్ రైలు టికెట్టు పుట్టుపూర్వోత్తరాలు

వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో నిజాం రైలుమార్గం ఏర్పడిన నాటి నుంచి ప్రయాణికుని చేతిలోని టికెట్టు రూపం పలుమార్లు మారినా, వసూలైన సొమ్ముకు లెక్క చూపడమనే దాని మొదటి ప్రయోజనం మాత్రం మారలేదు. ఈ సంగతి గుర్తుంటేనే కౌంటరు, వెబ్‌సైటు, మొబైల్ యాప్ అనే మూడింటిలో దేనిని ఎంచుకుంటే ఏది దక్కుతుందో, ఏది చేజారుతుందో తేటపడుతుంది.

భారతీయ రైల్వేలలో శతాబ్దానికి పైగా చెలామణి అయిన అట్ట టికెట్టు 1830ల చివర ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్‌సన్ అనే స్టేషన్ ఉద్యోగి రూపొందించినది. సుమారు 57 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పు గల ఆ అట్టముక్కపై గమ్యం, తరగతితో పాటు వరుస సంఖ్య కూడా ముందే అచ్చయి ఉండేది. గుమస్తా దానిని అరలోంచి తీసి, తేదీ ముద్రించే యంత్రంలో పెట్టి ఒత్తి ఇచ్చేవాడు. పొద్దుటి సంఖ్యకూ రాత్రి అరలో మిగిలిన సంఖ్యకూ మధ్య తేడా చూస్తే ఎన్ని టికెట్లు అమ్ముడయ్యాయో, పెట్టెలో ఎంత సొమ్ము ఉండాలో తేలిపోయేది. నిఘా అంతా గుమస్తా మీదనే గానీ, జనరల్ టికెట్టు కొనేవారు తమ పేరైనా చెప్పనవసరం లేదు.

బెర్తు రిజర్వేషన్ సంగతి వేరు. రైలుకొక రిజిస్టరు ఉండే ఆ రోజుల్లో తిరుగు ప్రయాణానికి బెర్తు కావాలంటే ఆ ఊరి స్టేషన్‌కు తంతి పంపి జవాబు కోసం ఎదురుచూడవలసి వచ్చేది. 1985-86లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలై ఇతర నగరాలకు విస్తరించినా, ఏ కేంద్రానికి ఆ కేంద్రమే విడిగా పనిచేసింది. వాటిని కలపడానికి రూపొందిన ‘కాన్సర్ట్’ అనే సాఫ్ట్‌వేర్ తొలిసారి 1994 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లోనే అమలైంది. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు అనుసంధానమై, ఏ ఊరి కౌంటరులోనైనా ఏ రైలుకైనా బెర్తు దొరికే వీలు కలిగింది. ఈ మార్పులన్నిటిలోనూ ప్రయాణికునికి కొత్త భారమేదీ మోపకుండా మేలు చేసినది ఇదొక్కటే.

2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ వెబ్‌సైటు ఆరంభమైనప్పుడు టికెట్టు కొరియరులో ఇంటికి వచ్చేది. 2005లో ఈ-టికెట్టు రావడంతో ముద్రించుకునే పని ప్రయాణికునికి బదిలీ అయింది. 2012 నుంచి ఫోనుకు వచ్చిన సంక్షిప్త సందేశమే చాలునన్నారు. వరుసలో నిలబడే బాధ తప్పినందుకు ప్రతిగా, 2019 సెప్టెంబరు నుంచి నాన్ ఏసీకి 15 రూపాయలు, ఏసీకి 30 రూపాయలు (యూపీఐతో చెల్లిస్తే 10, 20), వాటిపై జీఎస్టీ కలిపి సౌకర్య రుసుము చెల్లించాలి. కౌంటరులో ఈ రుసుము లేదు. అంతకంటే ముఖ్యమైన తేడా వెయిటింగ్ లిస్టులో ఉంది. చార్టు సిద్ధమయ్యాక కూడా పూర్తిగా వెయిటింగ్ లిస్టులోనే మిగిలిన ఈ-టికెట్టు తనంతట తానే రద్దయిపోతుంది. కౌంటరు టికెట్టు అలా రద్దు కాదు గనుక, అది ఉన్నవారు జనరల్ బోగీలోనైనా ఊరు చేరగలరు.

2003 ఆగస్టులో జంటనగరాలలో ఎంఎంటీఎస్ రైళ్లు మొదలయ్యాక రోజువారీ ప్రయాణికులకు అవసరమైనది బెర్తు కాదు, త్వరగా చేతికందే జనరల్ టికెట్టు. 2014 డిసెంబరులో ముంబయిలో మొదలై ఇక్కడికీ వచ్చిన యూటీఎస్ యాప్ ఆ కొరత తీర్చింది గానీ, ఫోను ఉన్న చోటును జీపీఎస్ ద్వారా చూపమని అడిగింది. టీసీ కనబడగానే అప్పటికప్పుడు టికెట్టు తీసుకునే ఎత్తుగడను ఆపడానికి, పట్టాలకు మరీ దగ్గరగా ఉన్న ఫోనుకు కాగితం లేని టికెట్టును అది నిరాకరించేది. స్టేషన్‌లో అతికించిన క్యూఆర్ కోడ్‌తో ఆ ఇబ్బంది తర్వాత కొంత తీరింది. తీసుకున్న టికెట్టును ఇంటర్నెట్ లేకున్నా యాప్‌లో చూపవచ్చు, కాని ఫోను ఛార్జింగ్ అయిపోతే టికెట్టు కొన్నవాడు కూడా టీసీ ముందు టికెట్టు లేనివాడే. వెనుక గుమస్తా మీద ఉన్న నిఘా ఈ విధంగా కొనుగోలుదారు మీదికి మళ్లింది. అందుకే ఒకే ఫోను మీద ఆధారపడలేని వృద్ధులకు, కూలీలకు కౌంటరు తెరిచి ఉండడం దయ కాదు, హక్కు.

2025 జులై 1న వచ్చిన రైల్‌వన్ యాప్ రిజర్వేషన్‌నూ జనరల్ టికెట్టునూ ఒకే ఖాతా కిందికి చేర్చింది. అదే రోజు నుంచి వెబ్‌సైటులోనూ యాప్‌లోనూ తత్కాల్ టికెట్టుకు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరైంది; తత్కాల్ కోసం కౌంటరుకు వెళ్లేవారూ తమ ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పవలసిన పద్ధతి దశలవారీగా ప్రవేశించింది.