ఖమ్మం, భద్రాచలం ప్రాంతపు కల్లు రకాలు

తాటి, ఈత, జీలుగు చెట్ల నుండి కారే తియ్యని రసం సహజంగా పులియగా ఏర్పడే మత్తు పానీయం కల్లు. తెలంగాణ రాష్ట్రంలో ఖమ్మం జిల్లా ఏన్కూరు మండలం మొదలుకొని భద్రాచలం అడవుల వరకు ఈ మూడు రకాలూ వాడుకలో ఉన్నాయి. మైదాన గ్రామాలలో గౌడ కులస్థులు కల్లు గీతను వృత్తిగా చేయగా, అటవీ గ్రామాలలో కోయలు, కొండరెడ్లు తమ ఇంటి అవసరాలకు స్వయంగా కల్లు తీసుకుంటారు. ఇప్ప పువ్వును పులియబెట్టి, బట్టీ పట్టి తీసే ఇప్ప సారా దీనికి భిన్నమైనది.

పులిసే విధానం

బీరు తయారీలో ధాన్యపు పిండిపదార్థాన్ని మొదట చక్కెరగా మార్చి, ఆపై ఈస్టును కలపవలసి ఉంటుంది. కల్లుకు ఈ రెండూ అవసరం లేదు. తాటి రసంలో సుమారు 10 నుండి 15 శాతం వరకు చక్కెర ఉంటుంది. గాలిలోను, పాత లొట్టి గోడలలోను ఉండే ఈస్టు, బాక్టీరియాలు రసం కారుతుండగానే పని మొదలుపెడతాయి. కొన్ని గంటలలో ఆల్కహాలు 4 నుండి 6 శాతానికి చేరుతుంది. ఒక రోజు దాటితే ఎసిటిక్ ఆమ్లం పెరిగి కల్లు పుల్లబడుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆగి, మత్తులేని నీరా లభిస్తుంది.

రకాలు

* తాటి కల్లు: తాటిలో ఆడ, మగ చెట్లు వేరువేరు. మగ చెట్టును పోతుతాడు అంటారు. గీత కార్మికుడు మోకు, ముస్తాదు సాయంతో చెట్టెక్కి, గెల కొనను పలుచగా చెక్కి లొట్టి కడతాడు. ఈ పని ప్రతిదినం ఉదయం, సాయంత్రం జరగాలి.
* ఈత కల్లు: గెల నుండి కాక, మొవ్వు కింది కాండాన్ని చెక్కి తీస్తారు. ప్రధానంగా చలికాలంలో లభిస్తుంది. చెట్టు నీరసించకుండా గీతకు మధ్య విరామం ఇవ్వాలి.
* జీలుగు కల్లు: అడవి ప్రాంతపు ప్రత్యేకత. పూగెల కాడ నుండి తీస్తారు. ఒక్క చెట్టే రోజుకు పదుల లీటర్లు ఇవ్వగలదు. గెలలు పైనుండి కిందికి వరుసగా పూసి, చివరి గెలతో చెట్టు చనిపోతుంది. అందువలన కొత్త మొక్కలు పెరగనిదే ఈ కల్లు కొనసాగదు. కరవు కాలంలో జీలుగు కాండపు గుజ్జును పిండి చేసి ఆహారంగా వాడేవారు.

నాణ్యతను గుర్తించడం

కల్లు నాణ్యత చెట్టు, లొట్టి, దించిన వేళ అనే మూడింటిపై ఆధారపడుతుంది. ఉదయం దించినది తీపి, సాయంత్రానికి మిగిలినది పులుపు. మంచి కల్లు తెల్లగా, కొద్దిగా మబ్బుగా ఉండి, సన్నని నురుగు కడుతుంది. తీపి, పులుపు సమంగా ఉండాలి. సిర్కా వాసన వస్తే కల్లు పాతబడినట్లు. పురుగులు, గబ్బిలాలు తాకకుండా లొట్టి మూతిని కప్పి ఉంచడం మంచిది.

అయితే రుచి తాజాదనాన్నే చెప్పగలదు, కల్తీని కాదు. నీళ్ళు కలిపిన కల్లుకు తీపి కోసం సాకరిన్, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రజోలం వంటివి కలుపుతారు. 2025 జూలైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. ఇటువంటి కల్లుకు అలవాటుపడినవారు హఠాత్తుగా మానితే వణుకు, మూర్ఛ, మతి తప్పడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. వారిని వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. చెట్టు నుండి దించుతుండగా చూసి, తెలిసిన గీత కార్మికుని వద్దనే కల్లు తీసుకొనే గ్రామీణుల అలవాటుకు ఈ కారణం చేత నేటికీ విలువ ఉంది.

చట్టం

తెలంగాణలో కల్లు గీతకు ఆబ్కారీ శాఖ అనుమతి ఉండాలి. గీత కార్మికుల సహకార సంఘాలకు గాని, వ్యక్తిగతంగా కార్మికులకు గాని చెట్లు కేటాయిస్తారు. షెడ్యూల్డు ప్రాంతాలలో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే లేదా నిషేధించే అధికారం గ్రామసభలకు ఉండేలా చూడాలని 1996 నాటి పెసా చట్టం నిర్దేశించింది.

ఇవి కూడా చూడండి

* తాటి
* ఈత
* జీలుగు
* నీరా
* ఇప్ప