యంత్రానికి ముందు గది

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు, ఏమి రాయాలా అని నాలుగు రోజులు ఆలోచించాను. ఇంతలో మా మనవడు కొత్తగా పెడుతున్న ఆఫీసు చూపిస్తానని తీసుకువెళ్లాడు. కంప్యూటర్లు, బల్లలు, అద్దాల తలుపులు అన్నీ బాగున్నాయి. ఇంటర్నెట్ సామాన్ల ర్యాక్ మాత్రం మెట్లకింద, చేతులు కడుక్కునే సింకు పక్కన నిలబెట్టారు. "అదేమిట్రా, అక్కడ పెట్టారు?" అన్నాను. "ఖాళీ అక్కడే ఉంది తాతయ్యా" అన్నాడు. వ్యాసానికి విషయం దొరికింది.

ఆ ర్యాక్ నాకు కొత్తది కాదు. పంతొమ్మిది అంగుళాల వెడల్పున్న ఈ చట్రం కంప్యూటర్లవాళ్లు కనిపెట్టింది కాదు, మన టెలిఫోన్లవాళ్లదే. 1922 ప్రాంతంలో అమెరికా టెలిఫోన్ సంస్థ ఎ.టి. అండ్ టి. తన సామాన్లు బిగించడానికి ఆ కొలతను స్థిరపరచింది. ఎత్తును ఒకటిముప్పావు అంగుళాల గడులుగా విభజించారు. అందులో బిగించే సామాను ఎన్నిసార్లు మారిందో చెప్పలేం గాని చట్రం కొలత మాత్రం మారలేదు. దాన్ని నిలబెట్టే గదికి కావలసిన జాగ్రత్తలు కూడా మారలేదు.

ఆటోమేటిక్ ఎక్స్ఛేంజీకి మూలపురుషుడు స్ట్రోజర్ మహాశయుడు 1891లో పేటెంటు పొందాడు. మరుసటి ఏడు అమెరికాలోని లాపోర్ట్ అనే చిన్న ఊళ్లో మొదటి ఎక్స్ఛేంజీ తెరిచారు. మన దేశంలో 1913-14లో సిమ్లాలో 700 లైన్లతో మొదటిది వచ్చింది. మనలో చాలామంది ఆ స్ట్రోజర్ల టకటకల మధ్యనే ఉద్యోగం మొదలుపెట్టినవాళ్లం. ఆ పాత భవనాలు గుర్తు చేసుకోండి. మందపాటి గోడలు, ఎత్తయిన కప్పు, పెద్ద కిటికీలు. అవేవీ దర్జా కోసం కట్టినవి కావు. ఇనుప ర్యాక్‌ల బరువు మోయడానికి గట్టి నేల కావాలి, వేడి పైకి పోవడానికి ఎత్తు కావాలి.

బ్యాటరీ రూం వేరుగా ఉండేది. రెండేసి వోల్టుల సెల్స్ ఇరవైనాలుగు కలిపితే మన 48 వోల్టులు. చార్జింగ్ సమయంలో వాటినుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది నాలుగు శాతం చేరితే నిప్పురవ్వ చాలు. అందుకే ఎగ్జాస్ట్ ఫ్యాను, అందుకే బీడీ కాలిస్తే చార్జిషీటు.

1980ల మధ్యలో ఫ్రెంచివారి ఇ-10బి వంటి డిజిటల్ ఎక్స్ఛేంజీలు వచ్చాక స్విచ్ రూంకు ఏసీ వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విడవడం అప్పుడే అలవాటయింది. పల్లెలకు అంత ఖర్చు భరించడం సాధ్యం కాదు గనుక 1984లో ఏర్పడిన సి-డాట్ వేరే దారి పట్టింది. ఏసీ లేకుండానే పనిచేసే 128 పోర్టుల గ్రామీణ ఎక్స్ఛేంజీని తయారుచేసి 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిసారి నిలబెట్టింది. అది మన ఇంజనీర్ల గొప్ప విజయం. అయితే దానివల్ల నాబోటివాళ్లకు ఒక దురభిప్రాయం కలిగింది. ఏసీ అక్కరలేదంటే గది ఎలాంటిదయినా ఫరవాలేదనుకున్నాం.

1991లో ఒక చిన్న పట్టణంలో అలాంటి ఎక్స్ఛేంజీకి అద్దె ఇల్లు చూడవలసి వచ్చింది. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. మార్చి 31 లోగా లైన్లు ఇవ్వాలి. కింది వాటా దొరికింది, అద్దె తక్కువ, యజమాని మంచివాడు. నాతో వచ్చిన లైన్‌మన్ కప్పుకేసి చూసి, "సార్, సరిగ్గా దీని పైన వాళ్ల నీళ్లగది ఉందండి" అన్నాడు. "చూద్దాంలేవయ్యా" అని సర్వే ఫారం మీద సంతకం చేశాను.

ఏడాది తిరిగింది. ఒక శనివారం కొళాయి రాకపోతే తిప్పి చూసి, కట్టెయ్యడం మరిచి, పైవాళ్లు పెళ్లికి వెళ్లారు. రాత్రి నీళ్లు వచ్చాయి. తెల్లవారేసరికి కప్పునుంచి ధార నేరుగా ర్యాక్ మీద పడుతోంది. ఆదివారం కావడాన ఎక్స్ఛేంజీలో మనిషి లేడు. కార్డులు పోయాయి. సోమవారం సాయంత్రం వరకు ఊళ్లో ఒక్క ఫోనూ మోగలేదు.

ఆదివారం ఉదయం ఒకాయన పరుగున వచ్చాడు. తల్లికి గుండెనొప్పి, జిల్లా కేంద్రంలో డాక్టరుగారికి చెప్పాలి. నేను తడిసిన కార్డు చేతిలో పట్టుకొని నిలబడ్డాను. చివరకు జీపు మాట్లాడుకొని తీసుకెళ్లారు. ఆమె బతికారు. ఆ పుణ్యం జీపు డ్రైవరుది, నాది కాదు. లైన్‌మన్ నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తరువాత ఈ విషయం మీద దొరికినదల్లా చదివాను. 1975 ఫిబ్రవరి 27 అర్ధరాత్రి దాటాక న్యూయార్కులో ఒక పెద్ద ఎక్స్ఛేంజీ భవనం నేలకింది కేబుల్ గదిలో నిప్పు పుట్టింది. కేబుళ్లు పైకి వెళ్లే దారుల వెంబడి మంట, పొగ పై అంతస్తులకు పాకాయి. 1,70,000 ఫోన్లు మూగబోయాయి. పునరుద్ధరించడానికి మూడు వారాలు దాటింది. పి.వి.సి. కాలిన పొగలోని ఆమ్లం మంట తగలని పరికరాలను కూడా తినేసింది. ఆ పొగ పీల్చిన అగ్నిమాపక సిబ్బందిలో అనేకులు తర్వాత జబ్బుపడ్డారు. మళ్లీ 1988 మే 8న, ఆదివారం నాడు, షికాగో దగ్గరి హిన్స్‌డేల్ ఎక్స్ఛేంజీ కాలింది. లోపల మనిషి లేడు. దూరాన ఉన్న కేంద్రంలో అలారం మోగినా, ఫైరింజనుకు కబురందేసరికి ఆలస్యమైంది. ఆదివారం, మనిషి లేని గది అని చదివినప్పుడు నా ఎక్స్ఛేంజీయే కళ్లముందు కనిపించింది.

నీటి మాటకు వస్తే దూరం పోనక్కరలేదు. 2009 అక్టోబరులో కర్నూలు నగరం మునిగినప్పుడు కింది అంతస్తులో సామాను ఉంచినవారి గతి ఏమయిందో మనకు తెలుసు.

కాబట్టి మా మనవడికి నేను చెప్పింది ఇదే. ముందు పైకి చూడు, నీటి గొట్టంగాని బాత్‌రూంగాని ఉండకూడదు. తరువాత కిందికి చూడు, వరదనీరు ఎంత ఎత్తు వస్తుందో ఇరుగుపొరుగును అడుగు, నేల బరువు మోస్తుందో లేదో ఇంజనీరును అడుగు. ర్యాక్‌కు ముందూ వెనుకా మనిషి కూర్చుని పనిచేసేంత, అంటే సుమారు మీటరు, జాగా వదులు. బరువైన సామాను అడుగున బిగించు, లేకపోతే ర్యాక్ ముందుకు తూలుతుంది. వేడి లెక్క కట్టు. ఒక టన్ను ఏసీ సుమారు మూడున్నర కిలోవాట్ల వేడిని మాత్రమే లాగుతుంది. ఎర్తింగ్ సొంతంగా కొలిపించు, ఉందని ఎవరో చెబితే నమ్మకు. గోడలో కేబుల్ కోసం కొట్టిన ప్రతి కన్నాన్నీ మంట దూరని మసాలాతో ఆనాడే మూయించు. ఆదివారం అలారం మోగితే ఎవరు వస్తారో పేరు రాసి తలుపుకు అంటించు.

"ఇన్నా!" అన్నాడు. మరునాడు మాత్రం ర్యాక్‌ను సింకు దగ్గరనుంచి తీయించి వేరే గదిలోకి మార్పించాడు.

మిత్రులారా, ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. మన ఉద్యోగాలు పోయినా ఆ చూపు మనకు మిగిలింది. మీ అపార్ట్‌మెంట్లలో ఫైబర్ పెట్టె, కరెంటు మీటర్లు, బ్యాటరీలు ఎక్కడ బిగించారో ఈ సాయంత్రం వాకింగుకు వెళ్లేటప్పుడు ఒకసారి చూడండి. పైన నీళ్లగది ఉంటే నోరు విప్పి చెప్పండి. వినేవాడు తొందరలో ఉంటే రెండోసారి చెప్పండి. ఆనాడు నాకు రెండోసారి చెప్పే చనువు ఆ లైన్‌మన్‌కు నేను ఇవ్వలేదు.