కంపెనీ కారు

తెలుగు చలనచిత్ర చరిత్రము వ్రాసినవారు తొలి టాకీ యేది, తొలి స్టూడియో యేది యని విచారించినంత శ్రద్ధగా, ఆ చిత్రములలో నటించినవారు తమ యింటి గడపనుండి కెమెరా యెదుటికి ఏ బండిలో వచ్చిరి, దాని బాడుగ ఎవరిచ్చిరి, ఆ రాకపోకలకు పట్టిన కాలము పనికాలములో జమపడెనా లేదా యను సంగతులను విచారించినట్లు కానరాదు. ఇది అల్పవిషయముగా తోచవచ్చును. కాని ఒక వృత్తిలో మనిషికి గల మన్నన యెంతటిదో తెలిసికొనదలచినచో, అతని జీతపు చీటికంటె అతనికొరకు వచ్చు వాహనమును, అది రానినాడు అతడు పడు పాటును పరిశీలించుటయే మేలని నా యభిప్రాయము.

నాటకసమాజముల కాలమున ఈ ప్రశ్నయే పుట్టలేదు. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున కీచకవధ ప్రదర్శనముతో ఆరంభమైన సురభివారి సమాజము ఒక కుటుంబము; తెరలు, కిరీటములు, వంటపాత్రలు, చంటిబిడ్డలు అన్నియు ఒక్కమారే బండ్లకెక్కి ఊరూరు తిరుగుచుండగా, ఎచట ప్రయాణము ముగిసినదో, ఎచట పని మొదలైనదో గీత గీయబూనుట వ్యర్థము. కూడు, గూడు, బండి సమాజమువే గనుక అందు పుట్టినవారికి వేరులెక్క యక్కరలేకపోయెను. తరువాతికాలమున ప్రసిద్ధనటులను వేరువేరు చోట్లనుండి పిలిపించి ఒక రాత్రికి ఒక నాటకము ఆడించు కాంట్రాక్టు పద్ధతి వచ్చినప్పుడు మాత్రము, రానుపోను రైలుఖర్చు సంగతి తేలనిదే ముఖమునకు రంగు పూసికొనని నటులు తయారైరి. వారిని ధనాశాపరులని నిందించుట సులభమే గాని, తెల్లవారుజామున తెర దిగిన పిమ్మట కాంట్రాక్టరు కనబడకపోయినచో పరాయియూరిలో నటుని గతి యేమగునో తలంచినవారు ఆ జాగ్రత్తను తప్పుపట్టజాలరు.

టాకీలు రాగానే దూరములు ఒక్కసారిగా పెరిగినవి. తెలుగుదేశమున స్టూడియో లేనందున, 1932లో విడుదలయిన భక్తప్రహ్లాదకై సురభి నటులు బొంబాయికిని, 1933 నాటి సతీసావిత్రికిని మరుసటియేటి లవకుశకును నటీనటులు దర్శకులైన చిత్తజల్లు పుల్లయ్యగారి వెంట కలకత్తాకును తరలిపోవలసివచ్చెను. భాష తెలియని పట్టణమున బస, భోజనము, బండి మూడును కంపెనీయే సమకూర్పవలసియుండుటచే, నాటకసమాజపు కాపురమే అక్కడ రూపుమారి కొనసాగెననవచ్చును. దీనివలన ఆకలి బాధ లేదు. కాని గడియారమును లేదు. సంభాషణములను చిత్రీకరణసమయముననే ముద్రింపవలసిన ఆ రోజులలో, భక్తప్రహ్లాదను నిర్మించిన అర్దేషిర్ ఇరానీగారే అంతకు ముందు తీసిన ఆలం ఆరా చిత్రపు స్టూడియో రైలుపట్టాల చేరువనుండుటచే, బండ్ల రొద అణగిన నడిరేయి పనిచేయవలసివచ్చెనన్నది ప్రసిద్ధమైన సంగతి. నటులను ఊరు చేర్చు రైలే వారి నిద్రకు శత్రువగుట విచిత్రము. ఇంటికి పోవు దారిలేక, బసలోనే యుండువానికి పని యెప్పుడు ముగిసినదని యడుగు హక్కు ఎక్కడిది?

1934లో వేల్ పిక్చర్సువారు మద్రాసున సీతాకల్యాణమును తీసినది మొదలు నటుడు క్రమముగా ఆ నగరవాసియై, తన యింట తాను పరుండి, తెల్లవారి పనికి పోవు గృహస్థుడాయెను. రాకపోకల చరిత్ర నిజమునకు ఇచ్చటనే మొదలగుచున్నది. రెండవ ప్రపంచయుద్ధమునాటి పెట్రోలు రేషనును, మెయ్యప్ప చెట్టియారుగారు ఏవీయం స్టూడియోను కొంతకాలము కారైకుడిలో నడపిన వృత్తాంతమును విడిచి, మద్రాసునందలి యుద్ధానంతరపు కోడంబాకమును చూతము. 1948 ప్రాంతమున వాహినీ, ఏవీయం మొదలగు స్టూడియోలు ఆ చుట్టుపట్ల వెలసి, విజయావంటి సంస్థలు నటులను నెలజీతములపై నియమించుకొను నాటికి, ఉదయమున గుమ్మముముందు నిలుచు కంపెనీ కారు నటజీవితమున ఒక నిత్యకృత్యమై పోయెను. నెలజీతగాడైన నటుని వేళకు తెచ్చుకొనుట సంస్థకే లాభము. ఒక్క నాయకుడు గంట యాలస్యమైనచో, వెలిగించిన దీపములు, నిలిచిన సెట్టు, కూర్చున్న బృందము అన్నిటి యద్దెయు నిర్మాతనెత్తిన పడును. కావున ఆ కారును దాక్షిణ్యముగా గాక వ్యాపారపుటెరుకగా చూచుట న్యాయము. కోడంబాకము చేరుటకు దాటవలసిన రైలుగేటు మూతపడినప్పుడెల్ల, కార్లలో చిక్కుకొన్న తారలను చూచుటకు జనము గుమిగూడెడివారనియు, 1965లో వంతెన వచ్చువరకు ఆ వేడుక సాగినదనియు చెన్నపట్టణపు పెద్దలు ఇప్పటికిని చెప్పుకొందురు.

ఆ గేటువద్ద జనము చూడని మనుష్యులు వేరొకరు కలరు. కారు కిటికీలోని ముఖముకొరకు తొంగిచూచువారి ప్రక్కనుండియే, 1931 నుండి నడచుచున్న విద్యుత్ రైలు దిగి, కాలినడకన స్టూడియోకు పోవు ఎక్స్‌ట్రాలు వారు. జూనియర్ ఆర్టిస్టులన్న మర్యాదనామము తరువాత వచ్చినది. రాజసభలో సభికులు, పెండ్లిలో చుట్టములు, యుద్ధమున సైనికులు వీరే. రాకపోకలలో మూడు మెట్లు: నాయకునకు ప్రత్యేకముగా కారు, గుణచిత్రనటులకు నలుగురైదుగురిని కలిపి తెచ్చు వ్యాను, వీరికి ఏజెంటు మాట. ఏజెంటు వీరిని పోగుచేసి, కంపెనీకి లెక్క యొప్పజెప్పి, కూలిలో తన కమీషను తగ్గించుకొని యిచ్చువాడు. ఉదయము ఎట్లో వచ్చి చేరవచ్చును, పని యాశ తీసికొనివచ్చును. చిక్కంతయు ప్యాకప్ తరువాతనే. నడిరేయి కడపటి రైలు తప్పిపోయిన యాడువారికి, పసుపు రంగు మేకప్ ఇంకను పూర్తిగా తుడుచుకొనని ముఖముతో ఇల్లు చేరుటయన్నది నటనకంటె కష్టమైన పని. ఆ గంటలకు కూలి లేదు. స్త్రీలను రాత్రి పని యనంతరము ఇంటివద్ద దింపుట యొక సౌకర్యము కాదు, పనిలో భాగమన్న యెరుక మన పరిశ్రమకు చాల ఆలస్యముగా గలిగినది, సంపూర్ణముగా నేటికిని గలుగలేదు.

అమెరికాదేశపు హాలీవుడ్డులో 1933లో నటులు గిల్డు నేర్పరచుకొని, 1937లో నిర్మాతలచే దానిని గుర్తింపజేసికొనిరి. అక్కడి ఒడంబడికలలో కాలక్రమమున నిలిచిన యొక యేర్పాటు నాకు మిక్కిలి నచ్చినది: లాస్ ఏంజెలిస్ నగరమున బెవర్లీ, లా సియనేగా రాజమార్గములు కలియు కూడలిని కేంద్రముగా నుంచుకొని, ముప్పది మైళ్ల వ్యాసార్ధముతో ఒక వృత్తము గీసిరి, ఆ వృత్తము దాటి పనికి పిలిచినచో ప్రయాణపు బాధ్యతకు, కాలమునకు నియమములు వేరగును. వాదమునకు తావులేకుండ భూపటముమీదనే తీర్పు వ్రాసికొన్నట్లాయెను. కోడంబాకము చుట్టు అట్టి గీత నెవరును గీయలేదు. 1952లో దక్షిణభారత నటీనటుల సంఘమును, 1967లో నిమాయ్ ఘోష్, ఎం.బి. శ్రీనివాసన్ ప్రభృతుల కృషితో సాంకేతికశాఖల సమాఖ్యయైన ఫెఫ్సియు వెలసిన పిమ్మట, కాల్‌షీటు, బత్తా, అదనపు గంటలు అను మాటలకు కట్టుబాట్లు ఏర్పడినవి గాని, అవి సంఘముల బలముపై ఆధారపడినంతగా శాసనముపై ఆధారపడలేదు.

శాసనము 1981లో వచ్చినది. ఆ యేటి సినీకార్మికుల చట్టము, వ్రాతపూర్వకమైన ఒప్పందము లేనిదే ఎవరిని చిత్రములో నియమింపరాదనెను; నటులనుకూడ సినీకార్మికులుగా నంగీకరించెను. అయితే నెలకు 1,600 రూపాయలు, లేదా మొత్తముగా 15,000 రూపాయలు మించని ప్రతిఫలము గలవారికే ఆ రక్ష. తారకు చట్టమక్కరలేదని శాసనకర్తలు తలచిరి కాబోలు. ఆ చట్టమున నేను మాటిమాటికి మెచ్చుకొను నియమము మరొకటి: కాంట్రాక్టరు ద్వారా నియమించినచో, ఆ కాంట్రాక్టరు కూలి యెగగొట్టిన పక్షమున నిర్మాతయే బాధ్యుడని ఒప్పందమున స్పష్టముగా వ్రాయవలెను. ఏజెంటు వ్యవస్థ నెరిగినవారెవరో ఈ వాక్యము వ్రాసియుందురు. విచారమేమనగా, ఒప్పందమే లేనిచోట ఒప్పందములోని వాక్యము ఎవరికిని పనికిరాదు.

ఇంతలో పరిశ్రమ హైదరాబాదునకు తరలెను. సారథీ స్టూడియో పూర్వమే కలదు. 1976లో అన్నపూర్ణా స్టూడియో వచ్చినది. 1996లో రామోజీ ఫిల్మ్‌సిటీ నగరపు పొలిమేరలు దాటి వెలసినది. దూరము మరల పెరిగినది. జూనియర్ ఆర్టిస్టులు కృష్ణానగరు ఇరుకుగదులలో కాపురముండి, చీకటితోనే కూడలికి చేరి, కంపెనీ బస్సుకై నిలుచుట అలవాటాయెను. ఊరవతలికి తమంతట తాము పోజాలరు గనుక నిర్మాత బస్సు పంపకతప్పలేదు. కోడంబాకమున సంఘములు సాధింపలేని దానిని ఇచ్చట దూరమే సాధించినదనవలెను. ఇక నాయకుల సంగతి చెప్పనేల? కారు చాలక క్యారవాన్ వచ్చినది, ఒక్కొక్కప్పుడు ఒకే మనిషికి ఒకటి. అదే లొకేషనులో జూనియర్ నటీమణులకు బట్టలు మార్చుకొనుటకు చాటు, కాలకృత్యములకు మరుగు లేకుండుట మన పొరుగు పరిశ్రమ సంగతిలో హేమా కమిటీ 2024లో బయటపడిన నివేదికయందు చెప్పినది. ఆ నివేదిక మలయాళసీమకు సంబంధించినదే యైనను, తెలుగు లొకేషనులను చూచినవారికి అందు కొత్తదనము తోచదు.

2020 నాటి కార్మికస్మృతులు 1981 చట్టమును తమలో కలుపుకొని, నటులను దృశ్యశ్రవణ కార్మికులని పిలిచినవి. ఒప్పందపు నియమమును నిలిపినవి. వానిలో సాంఘికభద్రతాస్మృతి మరియొక యడుగు వేసి, ఇంటికిని పనిచోటికిని నడుమ దారిలో జరిగిన ప్రమాదమును, పనితో దానికి సంబంధము రుజువైనచో, పనిలో జరిగినదిగానే యెంచుమనెను. దారి పనిలో భాగమని శాసనము పలుకుటకు ఇంతకాలము పట్టినది. అయితే కృష్ణానగరు కూడలిలో బస్సెక్కినవారి మాట సరియే. ఏజెంటు ఇంకను వ్రేలు చూపనివారు, ఆ పూట పనియున్నదో లేదో తెలియక చీకటిలో నడచివచ్చినవారు, ఏ నిర్మాత కార్మికులు, వారి దారి ఎవరి లెక్కలోనిది అను ప్రశ్నకు ఆ స్మృతులలో సమాధానము లేదు.