దేహాశ్రిత మనశ్చికిత్స

మనోవ్యథను సంభాషణముచేతనే గాక, శ్వాసగతిని, కండరముల బిగువును, కూర్చుండు తీరును, లోలోపలి స్పందనలను గమనించుటచేతను ఉపశమింపజేయు పద్ధతులకు దేహాశ్రిత మనశ్చికిత్స యని పేరు. ప్రమాదము, యుద్ధము, హింస వంటి ఆఘాతములకు లోనైనవారును, ఆప్తవియోగముచేతనో జీవనస్థితి తలక్రిందులగుటచేతనో క్రుంగినవారును దీని నాశ్రయింతురు. చికిత్స సాధారణముగా వారమున కొకమారు చొప్పున నెలల తరబడి సాగును. గుండె చెరువైనదనియు, కడుపు తరుగుకొనిపోయినదనియు, కాలు చేతులాడలేదనియు చెప్పుకొను తెలుగువారికి దుఃఖము దేహమున నుండునను మాట వింత గాదు. కాని ఈ చికిత్స శాస్త్రముగా రూపొందినది ఐరోపాఖండమున.

ఫ్రెంచి మనస్తత్త్వవేత్త పియేర్ జానే (1859–1947) భరింపరాని యనుభవము కథగా స్మృతిలో నిముడక, వణకుగా, స్తంభనముగా, సగములో నాగిన చేష్టగా దేహమున నిలిచిపోవునని గ్రహించెను. 1895లో వైద్యుడు బ్రాయర్‌తో గూడి హిస్టీరియాపై గ్రంథము ప్రకటించిన నాటికి మనోవిశ్లేషణ ప్రవర్తకుడైన ఫ్రాయిడు రోగి నుదుట చేయి నొక్కి స్మృతులను రప్పించుచుండెడివాడు. పిదప స్పర్శను వర్జించి, రోగిని పరుండబెట్టి, తాను కంటబడకుండ వెనుక కూర్చుండి వినుటను నియమముగా జేసికొనెను. వాక్కునకు గొప్ప గౌరవము దక్కినది గాని, దేహము గదినుండి వెలుపలికి పోయినది.

దానిని మరల లోనికి దెచ్చినవాడు విల్‌హెల్మ్ రైక్ (1897–1957). వియన్నాలో ఫ్రాయిడు అనుయాయులలో నొకడైన యీతడు, రోగి చెప్పు విషయముకంటె, చెప్పునప్పుడు బిగిసిన దవడయు బంధింపబడిన శ్వాసయు నెక్కువ వెల్లడించునని తలచి, అణచబడిన భావోద్వేగములు కండరములలో కవచముగా గట్టిపడునను సిద్ధాంతమును ప్రతిపాదించెను. ఆయన ‘శీల విశ్లేషణము’ 1933లో వెలువడెను. మరుసటి యేడే అంతర్జాతీయ మనోవిశ్లేషణ సంఘమునుండి బహిష్కృతుడై, ఓస్లో నగరమున కండరముల బిగువును చేతులతో సడలించు పద్ధతిని పెంపొందించెను. అనంతరము అమెరికాలో ‘ఆర్గోన్’ అను విశ్వశక్తిని గూర్చి ఆయన చేసిన వాదములను శాస్త్రలోకము త్రోసిపుచ్చెను. న్యాయస్థానపు టుత్తర్వును ధిక్కరించిన నేరమునకు చెఱసాల పాలై యచటనే మరణించెను. ఆ విషాదాంతపు నీడ పడుటచేత ఆయన బోధలోని మేలిమి యంశమును సయితము లోకము చిరకాలము శంకించెను.

కథనంతయు రైక్‌తోనే ఆరంభించుట పరిపాటియే గాని, అది న్యాయము గాదు. బెర్లిన్‌లో వ్యాయామము బోధించిన ఎల్జా గిండ్లర్ (1885–1961) క్షయవ్యాధి సోకినప్పుడు తన శ్వాసను సూక్ష్మముగా గమనించుచు కోలుకొని, శరీరమును శాసించుటకు మారుగా దానిని ఆలకించుటయే శిష్యులకు నేర్పెను. ఆమె శిష్యురాలు షార్లట్ సెల్వర్ ఆ విద్యను అమెరికాకు గొనిపోయెను. నార్వేలో ఫిజియోథెరపిస్టు బ్యూలో-హాన్సెన్, మానసిక వైద్యుడు బ్రోటోయ్ గలిసి చేసిన కృషియు నిట్టిదే.

రైక్ శిష్యుడైన అలెగ్జాండర్ లోవెన్ 1956లో, జాన్ పియరకోస్‌తో గూడి, న్యూయార్కున స్థాపించిన సంస్థలో రోగులచే పరుపులను గ్రుద్దించుట, గొంతెత్తి అరపించుట చికిత్సాంగములయ్యెను. అయితే ఉద్రేకమును వెడలగ్రక్కినంత మాత్రాన గాయము మానదనియు, ఆఘాతగ్రస్తుని తొందరపెట్టినచో మరల ఆ భయములోనే మునుగుననియు క్రమముగా దెలియవచ్చెను. ఈ శాస్త్రచరిత్రలో మిక్కిలి విలువైన ఘట్టమిదియే. షికాగోలో యూజీన్ జెండ్లిన్, మాట వెదకికొనుచు లోపలి స్పందనపై ఆగి నిలువగల రోగులకే చికిత్స యెక్కువ ఫలించుటను గమనించి, ఆ నేర్పును 1978లో గ్రంథస్థము చేసెను. 1980లో అమెరికా మనోవైద్యులు ఆఘాతానంతర రుగ్మతను తమ వ్యాధిపట్టికలో చేర్చిన పిమ్మట పీటర్ లెవిన్, పాట్ ఆగ్డెన్ మొదలగువారి పద్ధతులు వ్యాప్తి చెందెను. వీరి చికిత్సలో భయంకర స్మృతిని కొంచెము కొంచెముగా మాత్రమే స్పృశింతురు. పాదములు నేలనానియున్న సంగతిని గుర్తింపజేసి, చూపును గదిలోని వస్తువులపై త్రిప్పించి, నాడు ఆగిపోయిన చేష్టను, తోసివేయుటనో తప్పించుకొనుటనో, నెమ్మదిగా పూర్తి చేయింతురు. అనుమతి లేనిదే రోగిని తాకరు.

ప్రమాణముల విషయమున జాగ్రత్త యవసరము. లెవిన్ పద్ధతిని 63 మంది ఆఘాతగ్రస్తులపై 15 వారములు పరీక్షించి 2017లో ప్రకటించిన ఫలితము లాశాజనకములు. స్కిజోఫ్రీనియా రోగులు 275 మందిపై జరిగిన, 2016లో వెలువడిన బ్రిటిషు పరీక్షలో మాత్రము దేహాశ్రిత చికిత్స పిలాటీస్ వ్యాయామముకంటె చెప్పుకొనదగిన మేలు చేసినట్లు కనబడలేదు.