తుపాకి సైలెన్సరు: దాని పుట్టుక, దాని లోహములు



సైలెన్సరు అను మాట యెఱుగని గ్రామము నేడు లేదు. మోటారు సైకిలు ప్రక్కన నుండు లావుపాటి గొట్టమును పసిపిల్లవాడు సైతము ఆ పేరుతోనే పిలుచును. దానిని ఊడదీసి వీధుల వెంట బండ్లు పరుగెత్తించు కుఱ్ఱవాండ్రను మీరును కసరియే యుందురు, నేనును కసరితిని. పొలము గట్టున చమురు ఇంజనుకు ఆ గొట్టము పగిలిన నాడు దాని మ్రోత పొరుగూరి పొలిమేర దాక వినవచ్చుట మనకు అనుభవమే. ఆ గొట్టమునకు ఒక తోబుట్టువు కలదు. అది తుపాకి మూతికి తగిలించునది. నేటి ప్రసంగము దానిని గూర్చియే. దానిని ఎవరు కనిపెట్టిరి, ఏ లోహములతో చేసిరి, అది ఎంతకాలము మన్నెను అను సంగతులు చెప్పదలచితిని. బడిపంతులునకు తుపాకుల గొడవ ఏల యని మీరు అడుగవచ్చును. దానికి సమాధానము తుదను చెప్పెదను.

ఈ కథ ఒక చెవిటివానితో మొదలగును. అమెరికా దేశమున మెయిన్ రాష్ట్రములో సాంగర్‌విల్ అను ఊర 1840లో హైరం స్టీవెన్స్ మాక్సిం అనువాడు జన్మించెను. ఆయన 1881లో ఐరోపాకు పోయి, లండనులో స్థిరపడి, 1884లో ఒక మరతుపాకిని నిర్మించెను. తూటా పేలినపుడు తుపాకి వెనుకకు తన్నుట కాల్చినవారందఱు ఎఱిగినదే. ఆ తన్ను శక్తినే పట్టి, ఖాళీ గుల్లను బయట వేయుటకును, క్రొత్త తూటాను లోనికి తెచ్చుటకును ఆయన వినియోగించెను. అంతకు ముందు పిడి త్రిప్పిన గాని తిరుగని తుపాకి తనంతట తానే నిమిషమునకు ఐదువందలకు పైగా గుండ్లు క్రక్కసాగెను. 1901లో ఆయనకు సర్ బిరుదము లభించెను. కాని ఏండ్ల తరబడి ఆ పేలుడు ప్రక్కన నిలిచి పరీక్షలు జరుపుటచే ఆయన వినికిడి పోయెను. లోకమున యుద్ధరీతినే మార్చిన తన యంత్రపు మ్రోతను తుదకు తానే వినలేని స్థితికి వచ్చెను.

ఆయన కుమారుడు హైరం పెర్సీ మాక్సిం 1869లో బ్రూక్లినులో పుట్టెను. పదునేడవ యేట మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున పట్టము పొంది, హార్ట్‌ఫర్డు నగరమున మోటారు బండ్ల నిర్మాణమున పనిచేసెను. తండ్రి చెవుడునకు విరుగుడుగా కొడుకు సైలెన్సరును కల్పించెనని మీరు తలపవచ్చును. అది వినుటకు ఇంపుగా నుండును గాని సత్యము కాదు. తండ్రి ఇంగ్లండున, కొడుకు అమెరికాలో, చిరకాలము వేఱువేఱుగానే బ్రదికిరి. తుపాకి కాల్చుట తనకు ప్రీతియే గాని, ఆ చప్పుడు ఇరుగుపొరుగులను బాధించుట తనకు రుచింపలేదని పెర్సీ స్వయముగా చెప్పుకొనెను. ఒకనాడు స్నానపు తొట్టి బిరడా తీసినప్పుడు నీరు సుడి తిరుగుచు చప్పుడు లేక దిగిపోవుట చూచి, తుపాకి వాయువును గూడ ఇట్లు సుడి త్రిప్పిన నేమి యని ఆయనకు తోచెనట. 1909 మార్చి 30వ తేదీన ఆ పరికరమునకు అమెరికా ప్రభుత్వపు పేటెంటు లభించెను.

దాని తత్త్వమును తెలిసికొనుటకు యంత్రశాస్త్రము చదువనక్కఱలేదు. చెఱువు అలుగు చూచినవారికి చాలును. వరద నీరు ఒక్క దుముకున క్రింద పడినచో నేల కోసికొనిపోవును, హోరు పుట్టును. అందుచే పెద్దలు అలుగు క్రింద రాతిమెట్లు కట్టించిరి. మెట్టు మెట్టునకు నీటి ఊపు తగ్గి, తుదకు కాలువలో నెమ్మదిగా పాఱును. తుపాకిలో మందు మండినపుడు పుట్టిన వాయువు గొట్టము చివర ఒక్క పెట్టున గాలిలోనికి దూకుటయే ఆ పెద్ద చప్పుడునకు కారణము. సైలెన్సరులో వరుసగా అమర్చిన అడ్డుబిళ్లలు ఆ అలుగు మెట్లవంటివి. గుండు నడిమి రంధ్రము గుండ సూటిగా పోవును. వెంట వచ్చు వాయువు గదిగదిలో చిక్కి, సుడి తిరిగి, చల్లారి, ఆలస్యముగా బయటపడును.

అలుగు మెట్లలో మొదట అరుగునది ఏది? నీరు మొట్టమొదట పడు మెట్టే గదా! సైలెన్సరు గతియు అట్టిదే. వాయువు మొదట తాకు బిళ్లపైననే వేడిమి, ఒత్తిడి, మండక మిగిలిన మందు రేణువులు ఇసుకవలె వచ్చి కొట్టును. ఈ వస్తువు చరిత్ర యంతయు ఆ మొదటి బిళ్లను కాపాడుకొను చరిత్రయే యనిన తప్పు లేదు.

మాక్సిం చేసినవి ఉక్కువి. 1910 నాటి నమూనాలో గుండు పోవు రంధ్రమును నడుమ గాక పై ప్రక్కకు జరిపి, గుఱి చూచు కంటికి అడ్డము రాకుండ అమర్చెను. నాడు అవి అంగళ్లలో బహిరంగముగనే అమ్ముడుపోయెను. మాజీ దేశాధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్టు తన రైఫిలునకు దానిని తగిలించుకొనెను. అమెరికా సైన్యము కొన్నింటిని కొని పరీక్షించెను. వేటకును గుఱి అభ్యాసమునకును పనికివచ్చు చిన్న తుపాకులపై అవి బాగుగానే మన్నెను. యుద్ధపు రైఫిలు మాట వేఱు. దాని తూటాలో మందు ఎక్కువ. ఎడతెగక కాల్చినచో ఇనుము కాలి చేయి పెట్టరానిదగును.

రైఫిలు విషయమున మఱియొక చిక్కు కలదు. బండివాడు చర్నాకోలను ఝళిపించినపుడు టప్పున చప్పుడగును గదా. కొరడా కొస ధ్వని కంటె వేగముగా కదలుటయే దానికి హేతువు. ధ్వని సెకనుకు ఇంచుమించు 340 మీటర్లు పోవును. రైఫిలు గుండు 800 మీటర్లకు పైగా పోవును. కనుక గుండు తన దారి పొడుగున ఆ చర్నాకోల చప్పుడు చేయుచునే పోవును. దానిని ఏ సైలెన్సరును ఆపజాలదు. చలనచిత్రములలో చూపునట్లు దోమ వాలినంత చప్పుడుతో మనిషిని కూల్చుట కవికల్పన. మామూలు రైఫిలు మ్రోత 160 డెసిబెలులకు మించియుండును. మంచి సైలెన్సరు అందు 25 నుండి 30 వఱకు తగ్గించును. 30 తగ్గుట యనగా ధ్వనిశక్తి వేయింట ఒక వంతునకు దిగుట. అయినను మిగిలినది చిన్న చప్పుడు కాదు. క్షణికమైన పేలుడునకు చెవి ఓర్చు హద్దు 140 అందురు. ఆ హద్దునకు లోబడుటయే దాని ముఖ్యప్రయోజనము.

అయినను జనుల కంటికి అది హంతకుల పనిముట్టుగనే కనబడెను. 1934లో అమెరికా ప్రభుత్వము ఒక చట్టము చేసి, ఒక్కొక్క సైలెన్సరుపై రెండు వందల డాలర్ల సుంకము విధించెను. వస్తువు వెల కంటె సుంకము పలు రెట్లు హెచ్చు. ఆ నాటికే మాక్సిం సంస్థ తుపాకి పని విడిచి, ఇంజనుల ధ్వని నణచు పనికి మరలియుండెను. ఆ సుంకము తొంబది యేండ్లకు పైగా నిలిచి, 2026 జనవరితో సున్న యయ్యెను. నమోదు చేయింపవలెనను నిబంధన మాత్రము నిలిచియున్నది. నార్వే, ఫిన్లాండు దేశములలో నన్ననో, వేటగాండ్రు దీనిని చెవుల రక్షణకై మామూలుగనే వాడుదురు.

రేడియోలో మాటాడుచు ఒక ముచ్చట చెప్పక విడువరాదు. ఈ పెర్సీ మాక్సిమే 1914లో అమెరికా అభిరుచి రేడియోకారుల సంఘమును స్థాపించెను. ముప్పది మైళ్ల దూరమున నున్న స్ప్రింగ్‌ఫీల్డునకు తన సందేశము అందకపోగా, నడుమ నున్న యొకనిచే దానిని అందిపుచ్చుకొనజేసి పంపించెనట. ఆ అనుభవమునుండియే సంఘము పుట్టెను. ఆయన 1936లో గతించెను.

రెండవ ప్రపంచ యుద్ధము వచ్చెను. శత్రువు ఆక్రమించిన భూములలో రహస్యముగా పనిచేయువారికి మ్రోత లేని ఆయుధములు కావలసివచ్చెను. బ్రిటిషు వారు వెల్‌రాడ్ అను పిస్తోలును చేసిరి. దానిలో లోహపు బిళ్లలతో పాటు రబ్బరు బిళ్లలును పెట్టిరి. గుండు రబ్బరును చీల్చుకొని పోవును. పోయిన వెంటనే రబ్బరు ముడుచుకొని వాయువును ఆపును. నాటి సైలెన్సర్లలో దానికి సాటి యైనది అరుదు. కాని పది పదునైదు మార్లు కాల్చునప్పటికి రబ్బరు చిరిగి, చప్పుడు పెరుగును. పనితనము ఎంతటిదో ఆయువు అంత కొఱత! స్టెన్ మరతుపాకికి గూడ సైలెన్సరు కట్టిరి. అది ఎంత వేడెక్కెడిదనగా, సైనికుని చేయి కాలకుండ దానికి గుడ్డతొడుగు చుట్టిరి. వరుసగా కాల్చక ఒక్కొక్క గుండే కాల్చవలెనని నియమించిరి. అమెరికావారి చిన్న పిస్తోలులో తీగ జల్లెడలు పెట్టిరి. తీగ వేడిని త్వరగా పీల్చుకొనును గాని మసిపట్టి పూడిపోవును. అట్టి పిస్తోలే 1960లో సోవియటు భూమిపై కూల్చబడిన గూఢచారి విమాన చోదకుడు పవర్సు వద్ద దొరకగా, మాస్కోలో ప్రదర్శనకు పెట్టిరి.

వీటిలో డి లైల్ అను తుపాకి నాకు మెచ్చుదగినదిగా తోచును. మన పోలీసుల భుజములపై చిరకాలము చూచిన త్రీ నాట్ త్రీ రైఫిలు తెలియును గదా. దాని దేహమునకే వేఱొక గొట్టము బిగించి, ధ్వని కంటె మెల్లగా పోవు బరువైన పిస్తోలు తూటాను వాడిరి. గుండు మెల్లనిది గనుక చర్నాకోల చప్పుడు లేదు; సైలెన్సరు విశాలము గనుక వాయువు నెమ్మదించెను. రబ్బరు నమ్ముకొనక, మందు తగ్గించి, చోటు పెంచి సాధించిన నిశ్శబ్దమది.

అటుపిమ్మట వచ్చిన మార్పు లోహములది. అల్యూమినియము తేలిక, కాని 660 డిగ్రీలకే కరగును, అంతకు చాల ముందే మెత్తబడును. చిన్న తుపాకులకు దానితో సరిపోవును. టైటేనియము మఱొక తీరు. ఉక్కుతో కిలో తూగు వస్తువు దానితో ఆరువందల గ్రాములకు లోపుననే తూగును, త్రుప్పు పట్టదు. భుజమున మోయువానికి అది వరమే. కాని ఎడతెగక కాల్చి మిక్కిలి వేడెక్కినపుడు దాని బలము సడలును. మందు రేణువుల తాకిడికి నిప్పురవ్వలు రాల్చును. కావున వేటగానికి టైటేనియము, మరతుపాకివానికి మఱియొకటి.

ఆ మఱియొకటి యేది యనగా, జెట్ విమానముల ఇంజనులకై కల్పించిన నికెలు మిశ్రమము. ఇన్‌కోనెల్ 718 దాని పేరు. అందు సగమునకు పైగా నికెలు, తరువాత క్రోమియము, ఇనుము ఉండును. పదునుపెట్టు విధమున వేడి చేసి నిలిపినపుడు దాని లోపల కంటికి కానరాని గట్టి కణములు ఏర్పడి, ఎఱ్ఱగా కాలు వేడిమిలో గూడ లోహమును సడలనీయవు. అది బరువు, వెల హెచ్చు, కోయుట కష్టము. అందుచే కొందఱు సైలెన్సరు దేహమంతయు స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేసి, మొదటి బిళ్లను మాత్రము ఇన్‌కోనెలుతోనో, కోబాల్టు క్రోమియముల మిశ్రమమగు స్టెల్లైటుతోనో చేయుదురు. అలుగు మొదటి మెట్టునకు మాత్రము నల్లరాయి వేయు మన మేస్త్రీల తెలివియే యిది. స్టెల్లైటును కనుగొన్న ఎల్‌వుడ్ హేన్సును, పెర్సీ మాక్సింవలెనే, అమెరికాలో తొలి మోటారు బండ్లు చేసినవారిలో నొకడగుట చిత్రము. ఇట్టి నికెలు మిశ్రమములును టైటేనియమును నేడు మన హైదరాబాదులో 1973లో స్థాపితమైన మిశ్రధాతు నిగమున, రాకెట్ల కొఱకును విమానముల కొఱకును తయారగుచున్నవి.

ఇక పంతులునకు ఈ గొడవ ఏల యను ప్రశ్న. నా శిష్యుడొకడు సైన్యమున చేరి, క్రొత్తవారికి రైఫిలు నేర్పు హవల్దారుగా పదునాలుగేండ్లు పనిచేసి వచ్చెను. చిన్ననాడు వాని ఉచ్చారణ నిర్దుష్టము. తిరిగి వచ్చిన పిమ్మట ఒకనాడు మా అరుగుపై కూర్చుండి మాటాడుచుండగా, నేను సీత యనిన వాడు ఈత యని వినెను. మాట వినబడును, అచ్చులు వినబడును. శ ష స లనెడు ఊష్మములు మాత్రము జారిపోవును. పేలుడు చప్పుడు చెవి లోపలి సన్నని రోమకణములను చంపుననియు, వానిలో హెచ్చు స్థాయి ధ్వనులను పట్టునవే ముందు చచ్చుననియు, చచ్చినవి మరల మొలవవనియు వైద్యుడు చెప్పెను. వ్యాకరణము చెప్పిన నాకు ఆ సంగతి ఎంతటి బాధ కలిగించెనో చెప్పజాలను. ఆ దినములలో చెవులకు ఏమి పెట్టుకొనెడివాడవురా యని అడిగితిని. "దూది పెట్టుకొనెడివాండ్రమండి, అదియు మఱచిపోయిన దినములే ఎక్కువండి" అనెను.